పదానికింత

ఎం.ఎస్సీ. చేసి ఇప్పుడేం పని చేస్తున్నవని హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడుగుతున్నారు. డాక్టర్లకు పాఠాలు రాస్తున్నానంటే నమ్మరు. నేను డాక్టర్ని కాదు మరి!

పట్టా వచ్చాక కూడా డాక్టరు చదువు ఆగకూడదు. ఐదేళ్లలో కనీసం 30 గంటలు శిక్షణ క్లాసులకు హాజరు కావాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో రాసింది. వీటినే సీఎంఈ అంటారు. ఆ క్లాసులకు స్లైడ్లు, రోగి కేసులు, చివర అడిగే ప్రశ్నలు ఎవరో ఒకరు తయారుచేయాలి కదా. వారిలో నేనొకణ్ని. పైన పేరు మాత్రం పెద్ద డాక్టరు గారిది.

మా అమ్మ జగిత్యాలలో బీడీలు చేస్తుంది. ఆమెకు వెయ్యి బీడీలకింత, నాకు పదానికింత. "ఇద్దరిదీ లెక్క పనే కదా బిడ్డా, గింత చదువెందుకు మరి?" అని నవ్వింది. నవ్వులాటకే అన్నా, ఆమెకు పీఎఫ్ నంబరుంది, నాకు అదీ లేదు.

ఈ పనిలో నాకు నచ్చింది 'అవసరాల అంచనా' రాయడం. డాక్టర్లు చేయాల్సినదానికీ, నిజంగా చేస్తున్నదానికీ మధ్య తేడా ఎక్కడుందో ఆధారాలతో చూపాలి. ఆ తేడాను బట్టే పాఠం పుడుతుంది. కానీ క్లాసు నడవాలంటే హాలు, భోజనాలు, ప్రయాణాలు, నా కూలి... ఈ డబ్బులు చాలాసార్లు మందుల కంపెనీలవే. అమెరికాలో 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కంపెనీ డబ్బివ్వొచ్చు గానీ, విషయం ఎంపికలో వేలు పెట్టకూడదు. మన దగ్గర 2023 ఆగస్టులో కంపెనీల ఖర్చుతో జరిగే సదస్సులకు డాక్టర్లు వెళ్లరాదని జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది.

నాకిప్పటిదాకా వచ్చినవన్నీ షుగరు, బీపీ, ఆస్తమా. అవీ కావలసినవే, కాదనను. పాముకాటు మీద ఒక్కటీ రాలేదు. జగిత్యాల వరి మడుల్లో, ఆదిలాబాద్ పత్తి చేన్లలో పనిచేసేవాళ్ల బిడ్డలం, మనకు ఒకరు చెప్పాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. కట్లపాము, నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది. అది కొత్త మందేమీ కాదు, దాని కోసం హోటల్లో సదస్సు పెట్టేదెవరు?

అందుకే ఎవరూ అడగకపోయినా నేనే ఒక అంచనా రాశాను. అందులో 20 నిమిషాల రక్త పరీక్ష గురించి ఒక పేజీ ఉంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టే అనుకోవాలి. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ప్లాస్టిక్ గొట్టం వాడితే మాత్రం ఫలితం తప్పొస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికైనా ఊట్నూరు వైపు ఒక క్లాసు పెట్టొచ్చని నాకనిపిస్తుంది.

అది ఇంకా ఎవరూ కొనలేదు. ఒక కాపీ హాస్టల్ రీడింగ్ రూములో పెట్టాను. బైపీసీ తమ్ముళ్లు చదివి, అర్థం కాని వాక్యాల కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. దసరాకు వచ్చినప్పుడు తిరిగి రాస్తాను.