ఒకటే కాదు, సమానం

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు పద్మశాలి కుటుంబాలు అనేకం. అక్కడి సాంచెల చప్పుడులోనే నేను పెరిగాను. చదువు ముగిశాక ఒక కార్ఖానాకు జావా భాషలో కూలి లెక్కల ప్రోగ్రాం వ్రాసి ఇచ్చాను. నేతగాని పుస్తకంలోని మీటర్లూ, గిడ్డంగి పుస్తకంలోని మీటర్లూ సమానమైతేనే కూలి.

127 మీటర్ల వరకు లెక్క కుదిరింది. 128 నుండి తేడా చూపింది. ఎక్కువ నేసినవారికే కూలి ఆగిపోయింది!

దోషం నాదే. పెట్టెల్లో దాచిన పూర్ణాంకాల మధ్య జంట సమాన చిహ్నాలుంచితే, ‘రెండూ ఒకే పెట్టెనా?’ అని మాత్రమే జావా చూస్తుంది. లోపలి విలువను చూసేది ‘ఈక్వల్స్’ పద్ధతి. -128 నుండి 127 వరకు సంఖ్యలకు జావా ఉన్న పెట్టెనే మళ్ళీ ఇస్తుంది గనుక నా తప్పు దాగింది.

సరిదిద్ది, సంగతి చెప్పగా బాపు నవ్వాడు: “రెండు చీరెలు ఒక్క తీరుగ ఉండొచ్చు బిడ్డా, ఒక్క చీరె అయితయా?”