అక్క అన్న మాట

రెండేళ్లుగా నా దగ్గర ఒక కంప్లైంట్ ఉంది. నాన్నకు ఆపరేషన్ అయిన వారంలో అక్క నన్ను "ఇంటి విషయాలు నీకెందుకు?" అంది. ఈ సంగతి ఫ్రెండ్స్‌కి, రూమ్మేట్‌కి, చివరికి పిన్నికి కూడా చెప్పుకున్నా. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు. అక్కతో మాటలు పండగలకీ పుట్టినరోజులకీ మిగిలాయి.

ఈమధ్య ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో టెడ్ చియాంగ్ 'ఎగ్జలేషన్' చదువుతున్నా. 2019లో వచ్చిన కథల పుస్తకం, మొత్తం 9 కథలు. 'అరైవల్' సినిమా చూశారా? దాని మూలకథ రాసింది ఈయనే. స్పేస్‌షిప్పులూ యుద్ధాలూ ఉంటాయనుకుని మొదలుపెట్టా. తీరా చూస్తే మొదటి కథే పాతకాలం బాగ్దాద్‌లో! కథలో ఓ ద్వారం ఉంటుంది. అందులోంచి గతంలోకి వెళ్లొచ్చు. జరిగినదాన్ని మార్చలేం గానీ, అసలేం జరిగిందో ఇంకాస్త బాగా తెలుసుకోవచ్చు.

నన్ను పట్టేసింది మాత్రం 'ద ట్రూత్ ఆఫ్ ఫ్యాక్ట్, ద ట్రూత్ ఆఫ్ ఫీలింగ్' అనే కథ. అందులో జనం తమ జీవితాన్నంతా వీడియో తీసి దాచుకుంటారు. పాత సంగతి మాటల్లోకి రాగానే ఆ వీడియోని వెతికి కళ్లముందు పెట్టే 'రెమెమ్' అనే టూల్ వస్తుంది. పక్కనే ఇంకో కథ నడుస్తుంది. ఆఫ్రికాలో టివ్ తెగ కుర్రాడు మిషనరీ దగ్గర రాయడం నేర్చుకుంటాడు. కాగితం మీది మాటా, ఊరి పెద్దల నోటిమాటా వేరైతే ఏది నిజం?

వీడియోల కథ చెప్పేది ఒక జర్నలిస్టు. అమ్మ వెళ్లిపోవడానికి కారణం నువ్వేనని కూతురు తనని తిట్టిందని ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాడు. తీరా వీడియో చూస్తే, ఆ మాట అన్నది తనే. కూతుర్ని!

అక్కడ చదవడం ఆపేశా. మన దగ్గర రెమెమ్ లేదు గానీ వాట్సాప్ ఉంది. అక్క చాట్ తెరిచి, ఆపరేషన్ జరిగిన నెల దాకా పైకి జరిపా.

"నాన్నకి అన్నం సయించట్లేదు."

"నువ్వు ఎప్పుడొస్తావ్?"

"బిల్లు సంగతి మాట్లాడాలిరా."

కింద నా జవాబు: "ప్రతిదీ నాకు చెప్పకు. ఇంటి విషయాలు నాకెందుకు?"

నీకెందుకు కాదు, నాకెందుకు. ఒక్క అక్షరమే తేడా. దానికి అక్క ఇచ్చిన రిప్లై ఇంతే: "సరేరా. పని చూసుకో."

నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి అక్కకి కాల్ చేశా. చాట్‌లో చూసింది చెప్పి, సారీ అక్కా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఎప్పటి మాటరా అది? నాకు గుర్తే లేదు" అంది.

నిజంగా మర్చిపోయిందో, నాకోసం అలా అందో తెలీదు. అడగలేదు కూడా. శనివారం ఊరికి వస్తున్నానని మాత్రం చెప్పా.

ఇక పిన్నికి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాలి. ఆ పని ఇంకా మిగిలే ఉంది.