స్వాగతము పలుకు పుట

మేము క్రైస్తవులము కాము. కోరుట్లలో బాలురకు తెలుగును, ఇంగ్లీషును జెప్పి జీవించువారము. అయినను మా పూర్వ విద్యార్థి యొకడు తన చర్చి ఫేసుబుక్కు పుటలోని భాషను దిద్దిపెట్టుమని కోరగా సంతోషముతో నంగీకరించితిమి.

ఇట్టి పుటలు మన సీమలో బలపడుటకు కారణము కలదు. 2020 మార్చి 25 మొదలు దేశమంతయు తలుపులు మూసికొన్నది. ఆ యేటి ఈస్టరు, ఏప్రిల్ 12న, ఇండ్లలోనే గడచెను. పాస్టరుగారి ప్రసంగము చేతిఫోనులోనికి వచ్చెను. తలుపులు తెరచిన పిదపను అచటనే నిలిచెను. ఏలయన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది జనులు దుబాయికి, మస్కటుకు బోయి యున్నారు. సిరిసిల్ల నేతగాండ్రు భీవండికి బోవుట పాతమాటయే. ఆదివారమున పనిలో నుండు కొడుకు రాత్రి గదికి వచ్చి, తన యూరి ప్రార్థనను యూట్యూబులో జూచుకొనును. ఇది మేలు కాదనువా డెవడు?

పుటను జూచితిమి. పండుగ చిత్రములు మెండు; క్రొత్తవానికి గావలసిన సంగతులు శూన్యము. ఆరాధన యెన్ని గంటలకు? చెప్పు లెచట విడువవలెను? బైబిలు లేనివాడు రావచ్చునా? మెట్లెక్కలేని ముసలమ్మకు వేరుదారి కలదా? వీనినెల్ల వ్రాయించితిమి. ఒక చిత్రము క్రింద పేరు తప్పుగా నుండగా దానినిగూడ సరిచేసి, మా చదువు సార్థకమైనదని మురిసితిమి.

ఆ చిత్రము బియ్యపుసంచి నందుకొనుచున్న యొక బీడీకార్మికురాలిది. ఆమె కూతురు మా తరగతిదే గావున ఇంటిపేరు మాకు దెలియును. నాలుగుదినములకు ఆ పిల్ల బడి మానెను. మరునాడు తల్లియే వచ్చెను.

“బియ్యం ఇచ్చిండ్రు సారూ, వాళ్ల కడుపు సల్లగుండ. గని ఫోటో ఎందుకు పెట్టిండ్రు? తోటి పిల్లలు నవ్వుతున్నరట. నా బిడ్డ బడికి పోనంటున్నది.”

తప్పుపేరు చాటున ఆమె కొంత మరుగున నుండెను. ఆ మరుగును దీసివేసినవారము మేమే. ఆ మాట యామెతోనే చెప్పితిమి. ఆమె క్షణమూరకుండి, “అయితే మీరే తీయించుండ్రి సారూ” అనెను.

ఆ సాయంకాలమే శిష్యునియొద్దకు బోతిమి. “సారూ, దాతలు చూస్తెనే గద మళ్ల ఇస్తరు?” అని యతడడిగెను. ఈ ప్రశ్న తేలికయైనది కాదు. మెదకులో 1924లో ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును, కరవుకాలమున పేదలకు పని కల్పించి, ఆ పనికి కూలిగా అన్నము పెట్టి పాస్నెట్టు దొర కట్టించెనని చెప్పుదురు. తిన్నవాడు తలవంచుకొనకుండ పెట్టుట యెట్లో ఆ రాళ్లే చెప్పుచున్నవి. దాతకు లెక్క చూపవలసినదే: ఎన్ని సంచులు, ఎంత సొమ్ము, ఎన్ని కుటుంబములు. లెక్కకు ముఖ మక్కరలేదు.

అతడు కొంతసేపు ఆలోచించి చిత్రమును తీసివేసెను. కాని అప్పటికే అది వాట్సాపులో నెన్ని ఫోనులకు బోయినదో యెవరెరుగుదురు! గంట మ్రోగి యాగిపోవును. పుటకెక్కిన బొమ్మ యాగదు. సోమవారము ఆ పిల్ల బడికి వచ్చి, ఎప్పుడును ముందు బల్లపై గూర్చుండునది, వెనుకబల్లపై గూర్చుండెను.

చదువరులారా, ఇది యొక్క చర్చిమాట మాత్రమే కాదు. గుడిలో అన్నదానము చేసినను, బడిలో పుస్తకములు పంచినను మనము మొదట ఫోనునే యెత్తుచున్నాము. క్రొత్తవానికి దారి చూపుట స్వాగతము. వచ్చినవాని లేమిని ఊరికి చూపుట స్వాగతము కాదు. ఇకమీద మేము దిద్దు ప్రతి పుటయందును మొదట అక్షరములు గాక, అందున్నవారి యనుమతి వెదకుదుము. ఆ పిల్ల ముందుబల్లకు ఎప్పుడు వచ్చునా యని యెదురుచూచుచున్నాము.