అడుగు తెలిసే చోటు

ఎమ్మే తెలుగు చదివి, ఇరవై యేళ్లుగా కుర్రవాళ్లకు ప్రబంధాలు చెప్పుకుంటున్న నాకు మరబోటు అడుగున దూరవలసిన అవసరం ఏమొచ్చిందని మీకు సందేహం కలగవచ్చు. బోటు మా బావమరిదిది. దాని మీది బ్యాంకు అప్పుకు హామీ సంతకం మాత్రం నాది!

కిందటేడు వాడి బోటులో లోతు చెప్పే యంత్రం, అదే ఎకో సౌండరు, కాస్త అల లేచేసరికి అడుగు చూపించడం మానేసేది. ఒకనాడు అలా గుడ్డిగా పోతూండగా వల రాతిగుట్టకు తగులుకుని పీలికలయింది. ఆ నెల వాయిదా నేను కట్టాను. ఈ సంగతి మా ఆవిడకు ఈ వ్యాసం వల్లనే తెలియాలి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. మరమ్మతులన్నీ ఆ రోజుల్లోనే. "బావగారూ, కొత్త యంత్రం కొనాలి, కాస్త సర్దండి" అని కబురు వచ్చింది. విశాఖపట్నం చేపలరేవుకు వెళ్లాను.

గట్టెక్కించిన బోటు కింద ముసలి సరంగు కూర్చుని ఉన్నాడు.

"యంత్రం మంచిదే బాబూ. పెట్టిన సోటే బాగోలేదు. అమరంలో పెట్టినారు" అన్నాడు.

అణియం అంటే ఓడ ముందు భాగమనీ, అమరం అంటే వెనక భాగమనీ నిఘంటువులో చదివాను. చూడడం అదే మొదలు.

బోటు అడుగున బిగించే బిళ్ల శబ్దాన్ని కిందికి పంపి, ప్రతిధ్వనిని వింటుంది. ఉప్పునీటిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. పదోవంతు సెకనులో తిరిగివస్తే రానుపోను 150 మీటర్లు. అంటే లోతు 75. మధ్యలో గాలిబుడగలు అడ్డుపడితే శబ్దం చెదిరిపోతుంది. అమరంలో ప్రొపెల్లరు నురుగూ, దాని రొదా!

"అయితే అణియంలో పెడదాం" అన్నాను పండితుడిలాగ.

సరంగు నవ్వాడు. అల మీద అణియం నీళ్లలోంచి పైకి లేస్తుందట. అది చీల్చిన నీటి నురుగు కిందికి చేరుతుందట. నడుమకు కాస్త ముందుగా, అడుగు దూలానికి పక్కన, ఎదురుగా గొట్టాలూ పొడుచుకొచ్చిన చెక్కలూ లేనిచోట, ముఖం తిన్నగా కిందికి చూసేలా పెట్టాలన్నాడు. ముఖం మీద దళసరి రంగు పూయకూడదు.

"మరి అమరంలో ఎందుకు పెట్టావురా?" అన్నాను మా వాణ్ణి.

"తీగ కలిసివస్తుందని..." అని తల గోక్కున్నాడు.

నాలుగు బారల తీగకు ఆశపడి వల పోగొట్టుకున్నాడన్నమాట! కొత్త యంత్రం కొనలేదు. పాత కన్నం పూడ్చి, పాత బిళ్లనే సరంగు చూపినచోటికి మార్చారు.

నిషేధం ముగిశాక మొదటి వేటనుంచి రాగానే ఫోన్ చేశాడు: "బావగారూ, అలలున్నా అడుగు కనబడింది!"

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అన్నట్టు, క్లాసులో ప్రశ్న వేస్తే బదులు రానప్పుడల్లా కుర్రవాళ్లనే తిట్టేవాణ్ణి. ఈమధ్య కుర్చీ దిగి వాళ్ల మధ్యకు వెళ్లి అడుగుతున్నాను.

ఈ వ్యాసం అచ్చయి ఇంటికి వచ్చిన రోజున మా ఆవిడ ముందు ఎక్కడ నిలబడాలన్నదే ఇంకా తేలలేదు.