ఎవరి చేతికి వాటం?

గేమ్ ప్యాడ్ల మీద వచ్చే సమీక్షల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: "చేతిలో సౌకర్యంగా ఇమిడింది." బ్యాటరీ ఎన్ని గంటలొచ్చింది, బటన్లు ఎన్ని లక్షల నొక్కుళ్లకి ఆగుతాయి, వీటన్నిటికీ అంకెలుంటాయి. సౌకర్యం దగ్గరికొచ్చేసరికి అంకె ఉండదు సరే, ఆ చెయ్యి ఎవరిదో కూడా ఉండదు. పుస్తక సమీక్షల్లో "చదివిస్తుంది" అనే మాటకి ఇది వేలువిడిచిన చుట్టం. ఎవరిని చదివిస్తుంది, ఎన్నో పేజీ దాకా అని మనం అడగం.

మొన్న సంక్రాంతికి రావులపాలెం వెళ్తూ ఒక థర్డ్ పార్టీ ప్యాడ్ కొనుక్కెళ్లాను. అంటే కన్సోల్ చేసిన కంపెనీది కాకుండా వేరే వాళ్లు చేసి అమ్మేది. ధర రెండు వేల లోపు. సోనీదో మైక్రోసాఫ్ట్‌దో కొనాలంటే అంతకి రెండు మూడింతలవుతుంది. పండగ నాలుగు రోజులూ నేనూ, పదకొండేళ్ల మా మేనల్లుడూ దానితో ఆడాం. తిప్పి పంపడానికి వారం గడువు. ఉంచుకోవాలా, పంపెయ్యాలా తేల్చాలి. నాకు ఇంకో లెక్క కూడా ఉంది. రోజుకి తొమ్మిది గంటలు కీబోర్డు మీద ఉండే చెయ్యి నాది; కుడి బొటనవేలి మొదట్లో రెండేళ్లుగా నొప్పి. డాక్టరు గారు ఆటలు మానెయ్యమనలేదు, ఆ వేలిని వంచి బిగబట్టే పనులు తగ్గించమన్నారు.

ఇలాంటి ప్యాడ్‌ని తూచేవాళ్లు మామూలుగా వాడే తూకపురాయి ఒరిజినల్. దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని. కోనసీమలో పెరిగిన నా తరానికి ఇది కొంచెం నవ్వొచ్చే కొలత. నింటెండో 1983లో జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్‌ని మేం చూడలేదు. దాని నకళ్లే మా ఇళ్లకొచ్చాయి. కొన్నిటి డొక్క ప్లేస్టేషన్‌లా, పిడులు ప్లేస్టేషన్ ప్యాడ్‌లా ఉండేవి. లోపల మాత్రం పాత ఎనిమిది బిట్ల ఆటలే. అంటే మేం మొట్టమొదట పట్టుకున్నదే థర్డ్ పార్టీ. మా వేళ్లకి అదే ఒరిజినల్.

పైగా ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికి కొలిచి చేసింది? 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాడ్ ఎంత పెద్దదంటే దానికి 'డ్యూక్' అని పేరు పడింది. 2002లో జపాన్‌లో అమ్మేటప్పుడు అక్కడివాళ్ల చేతులకని చిన్న ప్యాడ్ చేశారు. తర్వాత అమెరికాలో కూడా అదే మామూలు ప్యాడ్ అయింది. జపాన్ చేతి కోసం చేసింది అమెరికా చేతికీ నప్పింది. కాబట్టి ఒరిజినల్ అనేది కూడా ఎవరి చేతినో మనసులో పెట్టుకుని వేసిన అంచనాయే.

తెలుగులో దీనికి మంచి మాట ఉంది: వాటం. సౌకర్యం వస్తువుకి ఉంటుంది. వాటం వస్తువుకీ చేతికీ మధ్య ఉంటుంది. ఒకరికి వాటమైంది ఇంకొకరికి కాకపోవచ్చని ఆ మాటలోనే ఉంది. భోగి నాడు పెరట్లో నేలలో పాతిన గునపం మీద కాయలు వలుస్తున్న బాబాయి చేతిలో ప్యాడ్ పెట్టాను. ఆయన కత్తి పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క తానే చుట్టుకున్నాడు. ప్యాడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాటంగానే ఉందిరా. చెమట పట్టిన చేత్తో పట్టుకుంటే ఏమవుద్ది?" అన్నాడు.

నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ ప్రశ్న లేదు. అవన్నీ ఏసీ గదుల్లో రాసినవై ఉండాలి. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ ఉన్న ఊళ్లో మే నెల అంటే అరచెయ్యి ఆరే నెల కాదు. పట్టు కోసమని కొన్ని ప్యాడ్లకి మెత్తటి రబ్బరు లాంటి పూత వేస్తారు. పెట్టె విప్పినప్పుడు అది చాలా హాయిగా ఉంటుంది. పాలీయురిథేన్‌తో చేసిన ఇలాంటి పూతలు వేడికీ తేమకీ ఏళ్ల మీద విడిపోయి బంకబంకగా అవుతాయి. పాత రేడియోలకీ, మౌస్‌లకీ పట్టే జిగట అదే. ప్లాస్టిక్ మీదే గరుకు అచ్చు పోస్తే పట్టు కొంచెం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. నేను కొన్నది రెండో రకం. బాబాయి ప్రశ్న లేకపోతే దాన్ని నాసిరకం కింద జమకట్టేవాళ్లుంటారు.

ఇక అంకెలు. పెట్టె మీద 1000 హెర్ట్జ్ అని పెద్దగా వేశారు. అంటే ప్యాడ్ తన సంగతి వెయ్యో వంతు సెకనుకోసారి చెప్తుంది. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి. సెకనుకి 60 బొమ్మలు చూపే తెరమీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లుంటుంది. తేడా ఉంది, అయితే బొటనవేలు దాన్ని పట్టుకోవడం కష్టం. హాల్ ఎఫెక్ట్ స్టిక్కులనీ వేశారు. రాపిడి లేకుండా అయస్కాంతంతో కదలిక కొలుస్తాయి కనక మామూలు వాటిలా అరిగి, ముట్టుకోకుండానే బొమ్మ పక్కకి పోయే జబ్బు వీటికి తక్కువ. మంచిదే. అది మన్నిక గురించిన కబురు. వేలికి తగిలేది లోపలి స్ప్రింగు బిగువు, దాని మాట పెట్టె మీద లేదు. బరువూ అంతే. డ్యూయల్‌షాక్ 4 సుమారు 210 గ్రాములు, డ్యూయల్‌సెన్స్ 280. ఆ బరువు ఎటు ఒరుగుతుందన్నది ఎవరూ చెప్పరు. రావులపాలెం మార్కెట్‌కి సైకిలు మీద అరటి గెలలు తెచ్చేవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఒకవైపు ఎక్కువైతే హ్యాండిల్ లాగేస్తుంది.

ఈ ప్యాడ్ పిడులు లావు. నా అరచెయ్యి నిండింది, చివరి మూడు వేళ్లే బరువంతా మోశాయి, బొటనవేలికి మోసే పని తప్పింది. కుడి స్టిక్ మాత్రం బిగువు. మొదటి పది నిమిషాలు ఆ బిగువు బాగుందనిపించింది, గురి కచ్చితంగా కుదిరింది. గంట దాటాక అదే బిగువు వేలి మొదట్లో సలపడం మొదలైంది. తొలిచూపులో మార్కులు పడే గుణమే మలిచూపులో బాధ పెట్టింది. అరగంటలో రాసే సమీక్షకి ఇది అందదు. హాలో నైట్ లాంటి ఆటలో కుడి స్టిక్‌తో పెద్దగా పని లేదు. రెండు గంటలు ఆడినా నొప్పి రాలేదు.

మేనల్లుణ్ని ఎలా ఉందిరా అంటే "బాగుంది మావయ్యా" అన్నాడు. మర్నాడూ అదే మాట. మావయ్య తెచ్చినదాన్ని బాగోలేదని ఏ పిల్లాడంటాడు? పైగా తిప్పి పంపేస్తానేమోనని వాడి భయం. అందుకని వాడి మాట వదిలేసి చేతులు చూశాను. వెనకాల ట్రిగ్గర్ అందుకోడానికి చెయ్యి పైకి జరుపుతున్నాడు. అప్పుడు అరచెయ్యి పిడిని వదిలేస్తోంది. బరువు బొటనవేళ్ల మీదా చూపుడువేళ్ల మీదా పడుతోంది. కాసేపటికి ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని ఆడాడు. అరగంటకోసారి వేళ్లు విదిలించుకున్నాడు. నా వేలికి విశ్రాంతినిచ్చిన లావు పిడే వాడి వేళ్లకి బరువైంది.

మూడో రోజు ప్రశ్న మార్చాను. "ఎక్కడ నొప్పెడుతోంది రా?" అన్నాను. ప్యాడ్ కింద పెట్టి రెండు చేతులూ చాపాడు. "ఇక్కడా, ఇక్కడా" అని బొటనవేళ్ల మొదళ్లు చూపించాడు. సరిగ్గా నాకు నొప్పున్న చోటే.

స్కేలు తెచ్చి కొలిచాను. మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా నాది 18.5 సెంటీమీటర్లు, వాడిది 15. ప్యాడ్ నేను ఉంచుకున్నాను, పక్కచూపు రెండు దిశల ఆటలకి. వాడికి పిడుల్లేని, ఎముక ఆకారపు చిన్న ప్యాడ్ ఒకటి తెప్పించాను. 1990 నాటి సూపర్ ఫ్యామికామ్ రూపం అది. ఇకమీదట నేను ఏ ప్యాడ్ గురించి రాసినా మొదటి వరసలో చేతి కొలతా, ఎన్ని గంటలు ఆడానన్నదీ, ఆ గదిలో ఫ్యానా ఏసీనా అన్నదీ ఉంటాయి. చెప్పుల కొట్టువాడు కూడా ముందు కాలి నంబరే అడుగుతాడు కదా.