రెండున్నర మార్కులు

మా నలుగురికీ ఒక అలవాటుంది. సినిమా అయిపోగానే థియేటర్ ఎదురుగా టీ బండి దగ్గర ఆగుతాం. టీ చేతికొచ్చేలోపు ఐదుకి ఎన్నో చెప్పేయాలి. గొడవ ఆ తర్వాతే.

2023 మార్చిలో ‘బలగం’ చూశాం. అప్పటిదాకా కమెడియన్‌గానే తెలిసిన వేణు యెల్దండి డైరెక్ట్ చేసిన మొదటి సినిమా. నేనే ముందు మొదలెట్టా. “రెండున్నర. సెకండాఫ్ సాగింది. అయినా నల్లిబొక్క దగ్గర అలిగి బావా బామ్మర్దులు ఏళ్ల తరబడి మాట్లాడుకోరా? నమ్మేలా ఉందా?”

ఇద్దరు నవ్వారు. మా కరీంనగర్ ఫ్రెండ్ నవ్వలేదు.

“మా ఇంట్ల పెండ్లిల కుర్చీ కాడ లొల్లైందిరా. గంతే. మా బాపు దినాలకు సుత మేనత్త రాలే.”

టీ వచ్చింది. ఎవరం ఏం మాట్లాడలేదు. కాసేపటికి వాడే అన్నాడు: “ఐతారం పోయి అత్తను ఈ సినిమాకు తీస్కపోత. వస్తదో రాదో.”

వచ్చిందట. సినిమా అయ్యాక ఏమందని మేం అడగలేదు, వాడూ చెప్పలేదు.

సెకండాఫ్ సాగిందని ఇప్పటికీ అంటాను. కానీ మా రూల్ మారింది. మార్కుల కంటే ముందు, ఏ సీన్ దగ్గర మనసు ఆగిందో చెప్పాలి. మీ గ్యాంగ్‌లోనూ ఒకసారి అడిగి చూడండి. పక్కనోడి గురించి మీకు తెలియని కథ ఒకటి బయటికి రావచ్చు.