ఎవరింటి తాతో

సెలవులకు వచ్చిన మనవడు మొన్నొక సాయంత్రం చెన్నపట్టణపు పాత ఛాయాచిత్రాలు కంప్యూటరులో తెరిచి చూపించాడు. 1892లో పూర్తయిన హైకోర్టు, మౌంటు రోడ్డు, 1895లో మొదలై 1953లో నిలిచిపోయిన ట్రాములు. సౌధాలన్నీ నిన్ననే కట్టినంత స్ఫుటంగా ఉన్నాయి. మరీ పాతవాటిలో మాత్రం పట్టపగలే వీధులు నిర్మానుష్యం. జనం లేక కాదు. ఆనాటి తడి గాజుపలక మీద బింబం నిలవడానికి కొన్ని సెకన్లు పట్టేది. నడిచిపోయేవాడు దానికి అందేవాడు కాడు. బండి మీద కునికే జట్కావాడు దొరికాడు, గోడకు చేరగిలబడిన బిచ్చగాడు దొరికాడు. పనిలో ఉన్నవాడు చెరిగిపోయాడు. ముప్పై అయిదేళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి గనుక, కర్త లోపించిన వాక్యాలు చదువుతున్నట్టు తోచింది నాకు.

నేను వెదికింది సౌధాలను కాదు, కాలువను. మా కొత్తపట్నం పక్కగా పోయే బకింగ్‌హాం కాలువలోనే మా తాత సరుగుడు కట్టెల పడవతో చెన్నపట్టణం వెళ్ళేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ సాగకుంటే గట్టున దిగి భుజాన తాడు. ఆయన కుడిభుజం కాయ కాచి ఉండేదని నాయనమ్మ చెప్పేది. ఆ ఒక్క మాట తప్ప ఆయన రూపం మాకు మిగలలేదు. జీవితంలో ఒక్క ఫోటో దిగలేదు.

1876–78 నాటి ధాత కరువులో కూలి కోసం జనం తవ్విన కాలువ అది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర 1877లో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపాడు. ఆ కరువులోనే హూపర్ అనే సైనికాధికారి అస్థిపంజరాలైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి చిత్రాలు తీశాడు. వారు మాత్రం ఎంతో స్పష్టంగా పడ్డారు. కదిలే శక్తి ఏదీ?

చివరికొక చిత్రం దొరికింది. కట్టెల పడవ, గట్టు మీద తాడు భుజాన వేసుకొని ముందుకు వంగిన మనిషి. ముఖం అలుక్కుపోయింది. "మా తాతేరా!" అన్నాను. వాడు కింది అక్షరాలు చదివి, "1910 అని ఉంది తాతయ్యా. అప్పటికి ఆయనకు పదేళ్ళన్నావుగా" అన్నాడు.

అయినా అచ్చు తీయించి పటం కట్టించాను. వెనుక పేరు రాద్దామని కలం తీసి, మూత పెట్టేశాను. మా ఆవిడ దాన్ని నాయనమ్మ పటం పక్కన తగిలించబోయి ఒక్క క్షణం ఆగింది.

"ఎవరింటి తాతో పాపం, ఇక్కడే ఉండనివ్వండి" అంది.